ఫోటోలు డి డ్రైవ్‌లో ఉంటే ఏం కాదని ఎవరు చెప్పారు?

ఈ వారంలో అదే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో పడింది. తర్వాత మా బావ పంపాడు, ఆ తర్వాత మిర్యాలగూడలో ఉండే ఒక టీచరు. ఈ పొద్దున మా మేనల్లుడు. "మామా, అందరికీ పనికొస్తది, నీ స్టేటస్‌ల పెట్టు" అని కింద రాశాడు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర 20 ఏళ్లుగా నేను చేసే పనే కంప్యూటర్లు బాగుచేయడం. నా స్టేటస్‌లో అది పెట్టమంటున్నాడు!

మెసేజ్ చూడనివాళ్ల కోసం అందులో ఉన్నదంతా ఇక్కడ పెడుతున్నాను. "కంప్యూటర్ స్లో అయిందా? షాపులవాళ్లకు పైసలు పోయకండి. ఫోటోలన్నీ డి డ్రైవ్‌లోకి కట్ చేసుకోండి, కాపీ చేస్తే క్వాలిటీ పోతుంది. సి ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఎక్కించండి, డి కి ఏం కాదు. యాంటీవైరస్ ఆపి యాక్టివేటర్ నడపండి. 6 నెలలకోసారి ఇలా చేయాలి. భయమైతే ఫోటోలు వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. గూగుల్ ఫోటోస్‌లో ఎట్లాగూ ఉంటాయి కాబట్టి ఫోన్‌లోవి తీసేయొచ్చు. ఒకవేళ పోయినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో 100 శాతం వస్తాయి."

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది. అప్పటి నుంచి ఇంటింటా 11 ఎక్కించుకునే తొందర పెరిగింది. ఈ మెసేజ్‌ను నమ్మేవాళ్లూ పెరిగారు.

చిన్నవి ముందు తేల్చేస్తాను. కాపీ చేస్తే క్వాలిటీ పోదు. వెయ్యిసార్లు కాపీ చేసినా ఒక్క చుక్క తేడా రాదు. 6 నెలలకోసారి ఫార్మాట్ అక్కర్లేదు. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో పనిచేసే కొత్త రకం డిస్క్) వేస్తే వచ్చే వేగం పది ఫార్మాట్లు కొట్టినా రాదు. ఈ రెండూ ఇక్కడితో సరి.

కట్ చేయమనడం మాత్రం అంత చిన్న తప్పు కాదు. మే నెలలో గాలిదుమారం లేస్తే మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. సగం ఫోటోలు అటు పోయి, సగం ఇటు ఉండి, మధ్యలో ఉన్నది రెండువైపులా తెరుచుకోని ఫోల్డర్లు నా టేబుల్ మీదికి ఎన్ని వచ్చాయో! కాపీ చేయండి. రెండువైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయా చూడండి. అటు పోయినవాటిలో మొదటిది, చివరిది, మధ్యలో ఓ నాలుగు తెరిచి చూడండి. పాతవి తీసేసే మాట ఆ తర్వాతే.

ఇక యాక్టివేటర్, అంటే లైసెన్సు లేని విండోస్‌ను ఉన్నట్టు నమ్మించే దొంగ ప్రోగ్రాము సంగతి. వాకిలి తెరిచిపెట్టి, కుక్కను కట్టేసి, దొంగకు కబురు పెట్టినట్టుంది ఈ సలహా. అసలు దాని అవసరమే లేదు. ల్యాప్‌టాప్‌తోపాటు వచ్చిన విండోస్ అయితే లైసెన్సు ఆ మెషీన్‌కే అంటి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే "ఐ డోంట్ హావ్ ఎ ప్రొడక్ట్ కీ" నొక్కి, ఇంతకుముందున్న ఎడిషన్‌నే (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) ఎంచుకోండి. నెట్ తగిలిన తర్వాత అదే యాక్టివేట్ అవుతుంది. ఎవడో తయారుచేసిన ప్రోగ్రామును, కాపలా తీసేసి మరీ లోపలికి రానిస్తే, ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బులడిగే వైరస్ కూడా దాని వెంట రావచ్చు. అప్పుడు గుచ్చి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌కూ తాళం పడుతుంది.

వాట్సాప్‌లో మనకు మనమే పంపుకోవడం కూడా బ్యాకప్ కాదు. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదించేస్తుంది. ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు అన్న వివరాలు కూడా ఊడిపోతాయి. పదేళ్ల తర్వాత ఫోటోలను తేదీల వారీగా పేర్చుదామంటే అన్నీ ఒకే గుట్టగా పడి ఉంటాయి. తప్పదు, అలాగే పంపాలి అనుకుంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు పోతుంది.

గూగుల్ ఫోటోస్ మంచిదే, నేనూ వాడతాను. కానీ "ఎట్లాగూ ఉంటాయి" అనే మాట అబద్ధం. 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ప్రతి ఫోటో 15 జీబీ లెక్కలోకే వస్తుంది, అందులోనే జీమెయిల్, డ్రైవ్ కూడా పంచుకోవాలి. అది నిండిన రోజు బ్యాకప్ ఆగిపోతుంది. పైన ఓ చిన్న నోటీసు వస్తుంది, దాన్ని చదివేవాళ్లెవరు? పైగా కెమెరాతో తీసినవి తప్ప వాట్సాప్ ఫోల్డర్ లాంటివి మనం ఆన్ చేస్తేనే ఎక్కుతాయి. ఇక "ఫోన్‌లోవి తీసేయొచ్చు" అన్నది చాలా ప్రమాదం. గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ నొక్కితే ఫోన్‌లోనూ పోతుంది, గూగుల్‌లో దాచిందీ పోతుంది. బ్యాకప్ అయిన ఫోటో ట్రాష్‌లో 60 రోజులుండి తర్వాత పూర్తిగా మాయమవుతుంది. ఫోన్‌లో మాత్రమే ఖాళీ కావాలంటే "ఫ్రీ అప్ స్పేస్" అని వేరే ఆప్షన్ ఉంది. మెసేజ్ రాసినవాడికి ఆ రెంటికీ తేడా తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "సి ఫార్మాట్ కొట్టండి, డి కి ఏం కాదు."

పోయిన నెల హాలియా దగ్గరి ఊరి నుంచి ఒకామె ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. ఇంటర్ చదివే కొడుకు ఈ మెసేజ్ చూసి, ఉన్న ఫోటోలన్నీ డి డ్రైవ్‌లోకి కట్ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ 11 మొదలుపెట్టాడట. "సార్, స్క్రీన్ మీద సి, డి అని ఏం లెవ్వు" అన్నాడు ఆ పిల్లవాడు, తల వంచుకొని.

ఉండవు మరి! ఇన్‌స్టాల్ స్క్రీన్ మీద సి, డి అని అక్షరాలు కనిపించవు. డిస్క్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2, 3, 4, 5 అని వరుసగా ఉంటాయి. పక్కన సైజులు, టైపు. ఒకటి సిస్టమ్, ఒకటి రిజర్వ్‌డ్, ఒకటి రికవరీ, రెండు ప్రైమరీ. ఆ రెండు ప్రైమరీల్లో ఏది పాత విండోస్, ఏది వాళ్లింటి 14 ఏళ్ల ఫోటోలు? పదిహేడేళ్ల పిల్లవాడు ఆ క్షణంలో ఎట్లా చెప్పాలి? ఒకటి డిలీట్ చేశాడు. ఇన్‌స్టాల్ కాదన్నది. ఇంకోటి చేశాడు. చివరికి అన్నీ డిలీట్ చేసి, మిగిలిన ఖాళీ మీద నెక్స్ట్ నొక్కాడు. విండోస్ చక్కగా ఎక్కింది.

చాలా ల్యాప్‌టాపుల్లో సి, డి రెండు డిస్కులు కావు. ఒకే బండ మీద గీసిన గీత. ఆ బండ పగిలితే రెండూ పగులుతాయి. ల్యాప్‌టాప్ కింద పడ్డా, దొంగ ఎత్తుకుపోయినా, పిడుగు పడి బోర్డు కాలినా రెండూ ఒక్కసారే పోతాయి. అందులోనే ఇంకో మూలకు జరిపితే బ్యాకప్ ఎట్లా అవుతుంది?

ఇంకోటి చాలామందికి తెలియదు. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే సి తోపాటు డి కి కూడా తాళం పడి ఉంటుంది. మనం రోజూ తెరుస్తుంటాం కాబట్టి ఆ తాళం ఉన్నట్టే తెలియదు, ఎందుకంటే దాన్ని తీసే చెవి సి లోని విండోస్ దగ్గరుంటుంది. సి తుడిచేస్తే ఆ చెవీ పోతుంది. కొత్త విండోస్‌లో డి మీద నొక్కితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వాడి ఉంటే ఆ అకౌంట్ పేజీలో దొరుకుతుంది. పాస్‌వర్డ్ మరిచిపోయి, ఆ అకౌంట్‌కిచ్చిన ఫోన్ నంబరు కూడా మార్చేసి ఉంటే? డి డ్రైవ్‌లో ఒక్క ఫోటో కూడా చెరగకుండా ఉంటుంది, ఒక్కటీ కనిపించదు. సరిగ్గా సి నే ఫార్మాట్ చేసినవాళ్లకు కూడా ఇది జరుగుతుంది.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. డి డ్రైవ్ మాట ఆ మెసేజ్ రాసినవాడు పుట్టించింది కాదు. మేం పుట్టించిందే. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నెట్ సెంటర్ల పెన్‌డ్రైవుల నుంచి వైరస్ ఎక్కి సిస్టమ్‌లు నెల నెలా మూలన పడేవి. సి ఫార్మాట్ కొట్టి సీడీతో మళ్లీ ఎక్కించేవాళ్లం. "మీ సామానంతా డి ల పెట్టుకోండి" అని వచ్చిన ప్రతి ఒక్కరికీ నేనే చెప్పాను. అప్పట్లో అది పనిచేసింది కూడా. ఎక్స్‌పీ సెటప్‌లో ఆ నీలి రంగు స్క్రీన్ మీద సి అని, డి అని అక్షరాలు స్పష్టంగా కనిపించేవి. డిస్క్‌కు తాళాలు లేవు. ఆ తర్వాతి విండోస్‌లలో అక్షరాలు పోయాయి, తాళాలు వచ్చాయి. ఆ రోజుల్లో మా మాట విని వెళ్లినవాళ్లకు ఈ మార్పు సంగతి మళ్లీ ఎవరం చెప్పలేదు. షాపుకు పైసలు పోయకుండా ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు అన్నది కూడా నిజమే. 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ ఉంటే ఎవరైనా చేసుకోగలరు. నేనేమీ అడ్డు చెప్పను.

చేసుకోండి, కానీ ఈ వరుసలో చేసుకోండి. మొదట ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి ఫోటోలు కాపీ చేయండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ సి లోనివే, డెస్క్‌టాప్ మీద ఉన్నది వేరే చోట ఉన్నట్టు అనుకోకండి. ట్యాలీ వాడేవాళ్ల డేటా చాలాసార్లు సి లోని పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటుంది, మీ పేరున్న ఫోల్డర్ మాత్రమే కాపీ చేస్తే అది రాదు. డీటీపీ, పెళ్లి పత్రికల పని చేసేవాళ్లు అను ఫాంట్లు, ఆ సాఫ్ట్‌వేర్ సెటప్ దాచుకోండి. అవి లేకపోతే మీరు 15 ఏళ్లుగా టైపు చేసిన పత్రికలన్నీ పిచ్చి అక్షరాలే. వైఫై డ్రైవర్ (వైఫై పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాము) ముందే దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాపుల్లో కొన్నిట్లో ఇన్‌స్టాల్ స్క్రీన్‌కు డిస్కే కనబడదు, ఇంటెల్‌దే ఆర్‌ఎస్‌టీ అనే డిస్క్ డ్రైవర్ ఇస్తేనే కనబడుతుంది. డిస్క్ చెడిపోయిందని అప్పుడు కంగారు పడకండి. రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. కాపీ అయిన డిస్క్‌ను పీకి బీరువాలో పెట్టండి. ఇన్‌స్టాల్ జరుగుతున్నంతసేపూ అది మెషీన్‌కు తగలొద్దు, లేకపోతే పార్టిషన్ల వరుసలో అదీ కనబడుతుంది.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల వాటిలో, ఒకటి ఇల్లు దాటి. మా ఇంట్లో ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బీరువాలోని డిస్క్‌లో ఉంది. మూడోది పాలమూరులో మా చెల్లె ఇంట్లో. దసరాకు వచ్చినప్పుడు తెస్తుంది, కొత్తవి ఎక్కించి పంపుతాను. దానికయిన ఖర్చు ఒక డిస్క్.

ఇక చివరిది, "100 శాతం రికవరీ." ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్ కొట్టగానే ట్రిమ్ అనే ఆదేశం పోతుంది, డిస్క్ ఆ గదులను తానే ఖాళీ చేసేసుకుంటుంది. ఆ తర్వాత ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టినా చేతికొచ్చేది దాదాపు సున్నా. పాత హార్డ్ డిస్క్ అయితే పైన కొత్త డేటా పడనంతవరకు కొంత ఆశ. ఆ హాలియా ఆమెది హార్డ్ డిస్కే. కానీ పిల్లవాడు విండోస్ ఎక్కించాడు, అప్‌డేట్లు దించాడు, ఒక గేమ్ కూడా వేశాడు. ఆ తర్వాత నెట్‌లో దొరికిన రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లో దించాడు. ప్రతి అడుగు కింద కొన్ని ఫోటోలు నలిగిపోయాయి.

మూడు రోజులు కూర్చున్నాను. పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, అంకెలతో వేల ఫైళ్లు. సగం తెరుచుకోలేదు. వాటిలో ఒకటి నాగార్జునసాగర్‌లో తీసింది. పైన పావు వంతు ఆకాశం, ఎత్తిన గేట్ల మీదుగా తెల్లటి తుంపర, కొంచెం కొండ. అక్కడి నుంచి కింది దాకా బూడిద రంగు పట్టీ. "ఆడ మా నాయిన నిలబడ్డడు సార్, కిందిది రాదా?" అంది ఆమె. ఆయన పోయి నాలుగేళ్లయిందట.

కిందిది రాలేదు. చాలా కెమెరాలు ప్రతి ఫోటో ఫైలు మొదట్లో చిన్న నమూనా బొమ్మ ఒకటి దాస్తాయి, మామూలుగా 160 బై 120 చుక్కలు. అది బాగానే ఉంది. అందులో ఆయన ఉన్నాడు, తలపాగా, ఎండకు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకొని, పక్కన చిన్నపిల్లవాడు. పెద్దది చేస్తే ముఖం గళ్లు గళ్లుగా విడిపోయింది. ఇంకా పెద్దది చేయమంది, చేసి చూపించాను. వద్దంది. తపాలా బిళ్లంత సైజులోనే నాలుగు ప్రింట్లు తీయించి ఇచ్చాను, పర్సులో పెట్టుకొని హాలియా బస్సెక్కింది.

మేనల్లుడికి ఆ ప్రింటు ఫోటో తీసి పంపాను. మెసేజ్‌ను స్టేటస్‌లోంచి తీసేశానని ఇప్పుడే రాశాడు.