స్నేహం కుదిరిపోయాక సీక్వెల్‌కి ఏం మిగులుతుంది?

1982లో వచ్చిన '48 అవర్స్'లో ఒక బార్ సీన్ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కంట్రీ మ్యూజిక్ మోగే బార్, లోపల ఒకప్పుడు బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండా, నిండా తెల్లవాళ్లు. జైలు నుంచి రెండు రోజుల కోసం బయటికొచ్చిన నల్లజాతి దొంగ రెజ్జీ హామండ్, తనను తెచ్చిన పోలీసు జాక్ కేట్స్ దగ్గర బ్యాడ్జి తీసుకుని అందులోకి అడుగుపెడతాడు. మొదట ఎవరూ లెక్కచేయరు. చేతిలో ఉన్న గ్లాసు విసిరి ఎదురుగా ఉన్న అద్దాన్ని భళ్లున పగలగొడతాడు. అంతే, ఆ తర్వాత కొన్ని నిమిషాలపాటు బార్ మొత్తం అతని గుప్పిట్లో ఉంటుంది. ఎడ్డీ మర్ఫీకి అప్పటికి 21 ఏళ్లు. వెండితెర మీద అదే తొలి వేషం.

ఈ సీన్ ఎన్నిసార్లు చూసినా నాకు ఊపిరి బిగపట్టినట్టే ఉంటుంది. ఎందుకంటే ఆ బ్యాడ్జి అతనిది కాదు, ఆ అధికారం అరువు సొమ్ము. ఎవడైనా తెగించి ఎదురుతిరిగితే అక్కడే అతని పని అయిపోతుంది. వెనక ఉన్న జాక్ ఆదుకుంటాడా, వదిలేస్తాడా అన్నది అతనికీ తెలియదు, మనకీ తెలియదు. మనం నవ్వే ప్రతి నవ్వు కిందా ఆ భయం ఉంది.

సినిమాలో చాలాసేపు జాక్ నోటి నుంచి వచ్చేవి జాతి తిట్లే. అర్ధరాత్రి వీధిలో ఇద్దరూ పిడిగుద్దులు గుద్దుకుంటారు. ఆ తర్వాత ఎప్పుడో జాక్ క్షమాపణ చెప్పబోతాడు, నా డ్యూటీ నేను చేశానంతే అన్నట్టుగా మాట్లాడతాడు. డ్యూటీ అన్న మాటతో అన్నీ సరిపోవని రెజ్జీ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అక్కడ సంగీతం ఉప్పొంగదు, కౌగిలింతలు ఉండవు. ఒకడి తప్పు ఇంకొకడు గుర్తుపెట్టుకుంటూనే కలిసి నడవడం మొదలుపెడతాడు. దర్శకుడు వాల్టర్ హిల్ ఈ జోడీని అంత పొదుపుగా కట్టాడు.

ఇలాంటి పోలీస్ జోడీ కథలకి ఇంధనం అనుమానమే. ఇద్దరికీ పడదు, అయినా ఒకే కారులో కూర్చోక తప్పదు. వాళ్ల మధ్య నమ్మకం పుట్టేదాకా జరిగేదే అసలు కథ. దొంగల ముఠా, మాయమైన డబ్బు, ఛేజులు అన్నీ ఆ ప్రయాణానికి వేసిన రోడ్డు మాత్రమే. ఆ నమ్మకం మొదటి సినిమా ఆఖర్లోనే పుట్టేసింది. మరి రెండో సినిమా దేనితో నడవాలి?

1990లో అదే దర్శకుడు, అదే జోడీతో 'అనదర్ 48 అవర్స్' వచ్చింది. నిడివి 95 నిమిషాలు. మొదటిదాని కంటే ఒక్క నిమిషం తక్కువ. అమెరికాలో మొదటి సినిమా సుమారు 7.9 కోట్ల డాలర్లు వసూలు చేస్తే ఇది సుమారు 8.1 కోట్లు తెచ్చింది. లెక్కల ప్రకారం ఫెయిల్ కాలేదు. కానీ చూసి బయటికొచ్చాక చెప్పుకోవడానికి ఒక్క సీన్ గుర్తుండదు. జైలు బస్సు పల్టీ కొట్టే సీన్ బాగా తీశారు, ఒప్పుకుంటాను. తీసిన పద్ధతే గుర్తుంటుంది తప్ప, అందులో ఉన్న మనిషికి ఏమవుతుందోనన్న ఆందోళన కలగదు.

దీనికి ఒక కారణం తెర బయట ఉంది. ఈ ఎనిమిదేళ్లలో మర్ఫీ 'బెవర్లీ హిల్స్ కాప్', 'కమింగ్ టు అమెరికా' చేసి అమెరికాలోనే అతిపెద్ద స్టార్లలో ఒకడయ్యాడు. మొదటి సినిమా టైటిల్స్‌లో జాక్‌గా చేసిన నిక్ నోల్టీ పేరు ముందు పడితే, రెండోదానిలో మర్ఫీ పేరు ముందు పడింది. ఆ క్రమం కథలోకి కూడా వచ్చేసింది. అప్పట్లో జాక్ చేతిలో సంకెళ్లు ఉండేవి, రెజ్జీకి ఉన్నదల్లా నోరు. ఆ ఎగుడుదిగుడు వల్లే ప్రతి మాటకీ పదును ఉండేది. ఇప్పుడు రెజ్జీ ఏ గదిలోకి నడిచినా అతనికి ఏమీ కాదని ప్రేక్షకుడికి ముందే తెలుసు. అందుకే డబ్బు దగ్గర తగవు, పాత దెప్పిపొడుపులు మళ్లీ తెచ్చిపెట్టి ఇద్దరినీ అపరిచితుల్లా మొదటికి లాక్కెళ్లారు. ఒకరి కోసం ఒకరు ప్రాణం పణంగా పెట్టిన మనుషులు మళ్లీ మొదటి రోజులా అరుచుకుంటుంటే, ఆ కోపం నమ్మబుద్ధి కాదు.

ఇది ఈ ఒక్క సినిమా జబ్బు కాదు. 'రష్ అవర్' మూడు భాగాలూ వరసగా చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1998 నాటి మొదటి భాగంలో హాంకాంగ్ ఇన్‌స్పెక్టర్ లీ (జాకీ చాన్) లాస్ ఏంజెలెస్‌కి వస్తాడు. ఊరు అక్కడి పోలీసు కార్టర్‌ది (క్రిస్ టక్కర్), పరాయివాడు లీ. 2001లో వచ్చిన రెండోది దాన్ని తిరగేసింది. హాంకాంగ్‌లో ఇప్పుడు కార్టర్ పరాయివాడు. తెలివైన ఆలోచన, సినిమా అక్కడ ఉన్నంతసేపూ జోడీ కొత్తగానే ఉంటుంది. 2007 నాటి మూడోదానిలో ఇద్దరినీ పారిస్‌కి పంపారు. అక్కడ ఇద్దరూ పరాయివాళ్లే. ఒకరు తెలిసినవాడు, ఒకరు తెలియనివాడు అన్న తేడా పోయేసరికి జాకీ చాన్, క్రిస్ టక్కర్ మధ్య ఆడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఈఫిల్ టవర్ ఎక్కించినా ఆ లోటు తీరలేదు. బడ్జెట్ మొదటిదానికి సుమారు 3.3 కోట్ల డాలర్లు, మూడోదానికి సుమారు 14 కోట్లు.

'బ్యాడ్ బాయ్స్' సంగతీ అంతే. 1995లో సుమారు 1.9 కోట్ల డాలర్లతో తీసిన సినిమాకి 2003లో సీక్వెల్ తీస్తే ఖర్చు సుమారు 13 కోట్లు, నిడివి 147 నిమిషాలు. పార్ట్‌నర్‌ని వదిలి వేరే చోటికి బదిలీ అవ్వాలని మార్కస్ మనసులో అనుకుంటుంటాడు, మైక్‌కి చెప్పలేకపోతాడు. ఎంత మంచి ముడి! ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవాళ్ల మధ్యే వచ్చే నొప్పి అది, మొదటి సినిమాలో పుట్టే అవకాశమే లేదు. దాన్ని పేలుళ్ల కింద పూడ్చేశారు. క్లైమాక్స్‌లో గుడిసెల మీదుగా హమ్మర్ దూసుకెళ్తుంటే, ఆ ఇద్దరి మధ్య తేలని మాట ఎక్కడ తప్పిపోయిందా అని నేను వెతుక్కున్నాను.

అలాగని సీక్వెల్ అంటేనే ఓటమి అని అనుకోను. 1989 నాటి 'లెథల్ వెపన్ 2' చూడండి. రిగ్స్, మర్టా అనే పోలీసు జోడీ కథ ఇది. మర్టా టాయిలెట్ మీద కూర్చుంటాడు. కింద బాంబు ఉందని అప్పుడు తెలుస్తుంది. లేస్తే పేలుతుంది. గంటలు గడిచిపోయాయి, కాళ్లు తిమ్మిరెక్కాయి. అంతటి మనిషి ప్యాంటు కిందికి దిగి, కదలడానికి వీల్లేక కూర్చుని ఉన్నాడు. రిగ్స్ అతన్ని వదిలి వెళ్లడు. పక్కనే ఉండి ఏవో మాటలు చెబుతాడు, చివరికి లెక్కపెట్టి ఇద్దరూ కలిసి బాత్‌టబ్‌లోకి దూకుతారు. నవ్వొస్తుంది, గొంతు కూడా పట్టేస్తుంది.

ఈ సీన్ మొదటి సినిమాలో పెడితే పండదు. అప్పటికి వాళ్లు ఒకరికొకరు ఏమీ కారు, రిగ్స్‌కి బతకాలనే లేదు. చావాలనుకున్నవాడు బాంబు పక్కన కూర్చుంటే అందులో త్యాగం ఏముంది? బతుకు మీద ఆశ తిరిగొచ్చాక, మర్టా ఇల్లు తన ఇల్లయ్యాక కూర్చున్నాడు. పాత గొడవని మళ్లీ రాజేయకుండా, కుదిరిన స్నేహాన్నే తూకంలో పెట్టారు రచయితలు. ఈ జోడీని కదపకుండా మధ్యలోకి జో పెస్కీ చేసిన లియో గెట్జ్ అనే వాగుడుకాయను దింపి, చిరాకు పడే పని ఇద్దరికీ కలిపి అప్పగించారు. గొడవ కావాలి, అది ఆ ఇద్దరి మధ్యే ఉండాలని ఎక్కడుంది?

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఏమిటంటే, 'అనదర్ 48 అవర్స్' చేతిలో కూడా అలాంటి సరుకే ఉంది. జాక్ వెంటపడుతున్న, ఐస్‌మ్యాన్ అనే మారుపేరున్న నేరగాడు ఎవరో కాదు, అతని సొంత డిపార్ట్‌మెంట్‌లోని కీహో. మొదటి సినిమా నుంచీ ఉన్నవాడే. యూనిఫాం వేసుకున్న స్నేహితుడు మోసగాడు, జైలు బట్టలు వేసుకున్న దొంగ నమ్మదగినవాడు. ఇంతకంటే మంచి ప్రశ్న ఈ కథకి దొరకదు. కానీ కీహోతో జాక్‌కి ఉన్న చనువుని తెర మీద చూపించనేలేదు. విడుదలకి ముందు సినిమాని గట్టిగా కత్తిరించారు, ఆ కత్తెరకి ఎక్కువగా బలైంది కీహో పాత్రే. ముసుగు తొలిగాక మనకి కలగాల్సిన షాక్ కలగదు, ఇతనెవరబ్బా అనిపిస్తుంది.

చివర్లో కీహో రెజ్జీని అడ్డం పెట్టుకుని నిలబడతాడు. జాక్ తుపాకీ ఎత్తి ముందు రెజ్జీనే భుజం మీద కాలుస్తాడు, ఆ తర్వాత కీహోని చంపుతాడు. ఒకప్పుడు సంకెళ్లు వేసిన చెయ్యి ఇప్పుడు కాపాడటానికి కాలుస్తోంది. సినిమా మొత్తం ఆ తూటా వైపు నడిచి ఉండాల్సింది. జాక్ అంత పని చేస్తాడా, చేస్తే రెజ్జీ క్షమిస్తాడా అని మనం ముందు నుంచీ మథనపడుతూ ఉండాల్సింది. ఇక్కడ అది రెండు క్షణాల్లో అయిపోతుంది.

అంబులెన్స్ వెళ్లిపోయాక జాక్ చూసుకుంటే లైటర్ ఉండదు, రెజ్జీ మళ్లీ కొట్టేశాడు. మొదటి సినిమా చివర్లోనూ ఇదే లైటర్. అక్కడ జాక్ వెనక్కి ఇమ్మని అడుగుతాడు, ఆ అడగడంలో రెండు రోజుల స్నేహమంతా ఉంటుంది. ఇక్కడ అడగడానికి రెజ్జీ ఎదురుగా లేడు. తనను కాల్చినవాడికి ఆ లైటర్ తిరిగిచ్చేటప్పుడు రెజ్జీ ఏమంటాడో వినాలనిపించింది. అప్పటికే సినిమా అయిపోయింది.