గాలి కరణం గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ గారూ,

ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే గొట్టంలో కూర్చుని వచ్చే గాలికల్లా పద్దు రాసే తమరికి, టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఓ 2012 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ కారు ఓనరు నమస్కరించి రాయునది. నాలుగు నెలల్లో మిమ్మల్ని పదకొండు సార్లు ఊడబీకాను. రెండుసార్లు బూతులు కూడా తిట్టాను, వెనక సీట్లో పిల్ల ఉందని చూసుకోకుండా. ఇది క్షమాపణ పత్రం అనుకోకండి, నా కోపం ఇంకా తగ్గలేదు. కంటికి సరిగ్గా ఆనని తీగ ఒకటి నన్ను ఇంత వెర్రివాణ్ణి చేసిందే అని.

మీ ఉద్యోగం నాకు తెలియక కాదు. మీ ఒంట్లో తీగ కరెంటుతో వేడెక్కుతుంది, పక్కనుంచి పోయే గాలి దాన్ని చల్లారుస్తుంది, చల్లారిపోకుండా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో దాన్నిబట్టే లోపలికి పోయిన గాలి ఎంతో తేలుతుంది. ఆ లెక్క సున్నాకీ ఐదుకీ మధ్య ఓ వోల్టేజీగా ఈసీయూకి, అంటే ఇంజిన్ని నడిపే కంప్యూటరుకి, అందుతుంది. కరణం రాసిందే శిస్తు అన్నట్టు, ఈసీయూ మీ మాట నమ్మి దానికి తగ్గ పెట్రోలు చిమ్ముతుంది. నిదానంగా పోయేటప్పుడు 14.7 పాళ్ల గాలి బరువుకి ఒక పాలు పెట్రోలు, ఇంజిన్లోకి గాలిని ఒత్తి నింపే టర్బో గట్టిగా ఊదుతున్నప్పుడు లోపల పిస్టన్లు మాడకుండా ఇంకాస్త ఎక్కువ.

ఇంత సాఫీగా నడుస్తుంటే నాకు నిద్రెలా పడుతుంది? హనుమాన్ గుడి పార్కింగ్‌లో పులిహోర ప్లేటు నా బానెట్ మీద పెట్టి ఓ మిత్రుడు, "ఏంటి బావా, ఇంకా కంపెనీ ఎయిర్‌బాక్సేనా?" అన్నాడు, అంటే కారుతో వచ్చిన ఆ ఫిల్టరు డబ్బాయేనా అని. పెళ్లిచూపుల్లో అబ్బాయికి హెచ్1 లాటరీ తగల్లేదని తెలిశాక ఓ నిశ్శబ్దం వస్తుంది చూశారూ, అచ్చం అలాంటిది మా మధ్య దిగింది. ఆ రాత్రే 380 డాలర్లు పెట్టి లావుపాటి ఇన్‌టేక్ పైపు (గాలి లోపలికి పీల్చే గొట్టం), దానికి నూనె పూసిన ఎర్ర ఫిల్టరు ఆర్డర్ పెట్టాను. డబ్బా మీద ఇరవై హార్స్‌పవర్ పెరుగుతుందని ఉంది. పెరిగింది మాత్రం చప్పుడు. టర్బో గాలి పీల్చే శబ్దం వింటూ మా కాలనీ చుట్టూ తొమ్మిది రౌండ్లు కొట్టాను, నవగ్రహ ప్రదక్షిణలా.

మూడో రోజు చెక్ ఇంజిన్ లైటు. పీ0171, అంటే పెట్రోలు చాలట్లేదని. తప్పు ఎవరిది? మీదే! ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పైపు మార్చిందీ నేనే, తిట్లు మీకు. మిమ్మల్ని కొలిచి దిద్దింది పాత గొట్టం సైజుకి. గొట్టం లావైతే అదే గాలి మీ పక్కనుంచి మెల్లగా నడుస్తుంది, మీరు తక్కువ రాస్తారు, ఈసీయూ తక్కువ పోస్తుంది. మామూలుగా వెళ్తున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ అనే ఆడిటరు పొగ వాసన చూసి పెట్రోలు పెంచమంటాడు కానీ, హైవే ఎక్కే చోట పూర్తిగా తొక్కినప్పుడు ఆడిటింగ్‌కి తీరికెక్కడిది. ఈ సంగతి ఇన్‌స్ట్రక్షన్ కాగితంలో ఉంది. చివరి పేజీలో, చీమ తల సైజు అక్షరాల్లో, "ట్యూన్ తప్పనిసరి" అని, అంటే ఈసీయూలో లెక్కలు కొత్త గొట్టానికి తగ్గట్టు దిద్దించుకోవాలని. నేను చదవలేదు. కాగితాలు చదివే అలవాటుంటే ఈ కారు కొనేవాణ్ణే కాదు.

దాంతో మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేసి ఆన్‌లైన్‌లో 39 డాలర్లకి మీ కవల తమ్ముణ్ణి తెప్పించాను. అదే ముఖం, అదే ప్లగ్గు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఉయ్యాలూగేది, ఒకసారి లేచి, ఒకసారి కూలబడి. ఆ పైన ఎవరో చెప్పారని ఓ బ్లో ఆఫ్ వాల్వు. గేరు మార్చినప్పుడల్లా ప్ష్ష్‌మని గాలి బయటికి వదలడం దాని పని. ఆహా, ఏం సంగీతం! మీరు పద్దులో రాసేసిన గాలిని వీధిలో పారబోస్తున్నాను, దానికి సరిపడా పెట్రోలు మాత్రం లోపల పడిపోయింది, సైలెన్సర్ నల్లగా దగ్గింది. మా ఆవిడ పక్క సీట్లోంచి, "దానికి ఒంట్లో బాగోలేదేమో" అంది. ఇంట్లో నిజం చెప్పేది మీరిద్దరే.

ఇక నా పరిశోధన సంగతి. మిమ్మల్ని పూర్తిగా పీకేసే దారి ఒకటుంది, స్పీడ్ డెన్సిటీ అంటారు. గాలిని సిలిండర్లకి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ప్రెషర్ ఎంత, వేడి ఎంత, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది చూసి గాలి ఇంత ఉంటుందిలే అని పట్టిక ప్రకారం అంచనా కట్టడం. జనాన్ని లెక్కపెట్టకుండా ఇళ్లు లెక్కపెట్టి ఇంటికి నలుగురు చొప్పున వేసుకోవడం లాంటిది. టర్బో మారినా, వాల్వులు తెరిచే క్యామ్ మారినా ఇంటికి నలుగురా ఐదుగురా అని పట్టికంతా మళ్లీ దిద్దుకోవాలి. భారీ టర్బో పెట్టి మీ ఐదు వోల్టుల కప్పు తాకేవాళ్లకి అది అవసరమే. నాది కంపెనీ టర్బో, నిచ్చెన వేసుకున్నా ఆ కప్పు నాకు అందదు. అయినా రాత్రి రెండింటి వరకు దాని మీద వీడియోలు చూశాను.

చివరికి ఓ ట్యూనర్‌కి డబ్బు కట్టాను. ముఖం ఎరగను, ఈమెయిల్లోనే పరిచయం. నేను పంపిన లాగ్‌లో (కారు నడుస్తుండగా ఈసీయూ నుంచి తీసిన రికార్డు) ఆక్సిజన్ సెన్సర్ 14 శాతం పెట్రోలు అదనంగా పోయించడం చూసి, "ముందు పొగ పెట్టించుకుని రా" అన్నాడు. మన భాషలో పొగబెట్టడమంటే వేరు కదా, కాసేపు మనసు నొచ్చుకుంది. గ్యారేజీలో నిజంగానే ఇన్‌టేక్‌లోకి పొగ ఊదారు, అది ఎక్కణ్ణుంచి బయటికొస్తే అక్కడ చిల్లని. టర్బోకి వెళ్లే రబ్బరు హోస్, మానిఫోల్డ్ కింద చెయ్యి దూరని చోట, చీలి ఉంది. మీ గుమ్మం దాటాక దొడ్డిదారిన గాలి దూరుతోంది, మీ పద్దుకి ఎక్కకుండా. మరి మీరేం చేస్తారు పాపం, చూడనిది రాయలేరుగా.

హోస్ మార్చారు. కంపెనీ ఎయిర్‌బాక్స్ అటక మీంచి దిగింది. మీ తీగ మీద పేరుకున్న ఫిల్టరు నూనెని మీకోసమే అమ్మే స్ప్రేతో, వేలు తగలకుండా కడిగి, మిమ్మల్ని మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాను. తర్వాత ట్యూనర్ 93 ఆక్టేన్ పెట్రోలుకి ఓ స్టేజ్ 1 మ్యాప్, అంటే ఈసీయూకి కొత్త లెక్కల పట్టిక, పంపాడు, ఒక్క పార్టు మార్చకుండా, ల్యాప్‌టాప్‌లోంచి. ఆ సాయంత్రం టోల్‌వే మీద తొక్కితే, ఏం చెప్పమంటారు, పులిహోర మిత్రుడు పక్క సీట్లో కూర్చుని మాట్లాడటం మానేశాడు.

ఇట్లు,
తమ పద్దులో గాలివాటంగా కొట్టుకుపోయిన ఓనరు

తా.క. మీ 39 డాలర్ల తమ్ముడు వంటింటి డ్రాయర్లో ఉన్నాడు, రిటర్న్ గడువు దాటిపోయింది. ఇంకొకటి, ఆ మిత్రుడు నిన్న రాత్రి ఓ పెద్ద టర్బో లింకు పంపాడు. కొనలేదు. ట్యాబ్ మాత్రం మూయలేదు.