శంఖధ్వని కప్పలేని అబద్ధం

“ధర్మరాజు నేర్పే నాలుగు పాఠాలు” అన్న సందేశం ఈ నెలలో నాకు ఐదోసారి వచ్చింది. పంపినవారందరూ చదువుకున్న మిత్రులే కావడం వల్ల ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటి పాఠం ప్రకారం, ఆయన రథం నేలకు తాకకపోవడం ప్రాచీన విజ్ఞానమట. నాలుగంగుళాల ఆ ఎత్తు ఆయన సత్యనిష్ఠకు కవి చూపిన కొలత. అంతకు మించి చెప్పవలసింది లేదు. రెండో పాఠంలో, జూదంలో ద్రౌపదిని ఒడ్డడం కూడా మాట తప్పకపోవడమేనట. తానే ఓడిపోయినవాడికి తనను ఒడ్డే హక్కు ఎక్కడిదని ఆమె నిండు సభలో అడిగితే, భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయాడు.

అసలు నన్ను బాధించినది మూడో పాఠం: ధర్మరాజు అబద్ధమాడలేదు, “కుంజరః” (ఏనుగు) అన్న మాటను కృష్ణుడి శంఖం కప్పేసింది, కనుక నిజాన్ని లౌక్యంగా చెప్పడం మనమూ నేర్చుకోవాలి! పుణే భండార్కర్ సంస్థ పలు ప్రతులను పోల్చి తయారుచేసిన మహాభారత సంశోధిత ప్రతిలో ఆ క్షణాన శంఖమే మోగదు. భీముడు తమ పక్షపు మాళవరాజు ఇంద్రవర్మకు చెందిన అశ్వత్థామ అనే ఏనుగునే చంపి, అశ్వత్థామ చచ్చాడని కేక వేస్తే, గురువు ద్రోణుడు తన కొడుకు అశ్వత్థామ చనిపోయాడంటే నమ్మలేదు. మూడు లోకాల ఆధిపత్యం ఇస్తామన్నా ధర్మరాజు బొంకడన్న నమ్మకంతో, శత్రువని తెలిసి కూడా, ఆయననే అడిగాడు. అసత్యానికి భయపడుతూనే గెలుపు మీద ఆశ చావని ధర్మరాజు, అశ్వత్థామ చచ్చాడని చెప్పి, ఏనుగన్న మాటను తానే అస్పష్టంగా గొణిగాడు. మరుక్షణమే రథం నేలకు దిగింది. సత్యమనే ముసుగు తొడిగి గురువుతో అబద్ధమాడావని తరువాత నిందించినవాడు అర్జునుడు. సొంత తమ్ముడికి కనిపించిన అబద్ధం మన మిత్రులకు కనిపించకపోవడం ఏమిటి? సగం నిజం చెప్పి తప్పించుకునేవారిని “అశ్వత్థామ హతః కుంజరః” అంటూ మన ఇళ్లలో ఇప్పటికీ ఎత్తిపొడుస్తారే, అది మెచ్చుకోలు కాదు కదా!

కర్ణుడి మాటకు విలువ లేదన్న నాలుగో పాఠమూ తప్పే; ఈ విషయంలో మాత్రం, ధర్మరాజును అభిమానించే నేను కూడా కర్ణుడి ముందు తల వంచక తప్పదు. అర్జునుణ్ణి తప్ప నీ కొడుకులెవరినీ చంపనని కుంతికి ఇచ్చిన మాటను ఆయన యుద్ధంలోనూ నిలుపుకున్నాడు. చేతికి చిక్కినా ప్రాణాలతో వదిలిన నలుగురిలో ధర్మరాజు ఒకడు.

స్వర్గారోహణ పర్వంలో ఇంద్రుడు కూడా ధర్మరాజు ద్రోణుడితో అన్న ఆ మాటను అబద్ధంగానే లెక్కించి, ద్రోణుణ్ణి వంచించావు కనుకనే వంచనతో నీకు నరకం చూపించామన్నాడు. ఆ నరకంలో తమ్ముల, ద్రౌపది ఆక్రందనలు విని, తనకు స్వర్గం వద్దని, వాళ్లకు ఊరటగా అక్కడే ఉండిపోతానని దేవదూతను వెనక్కి పంపినవాడు కూడా ఈ ధర్మరాజే. ఆయన నుంచి పాఠం నేర్పదలచుకుంటే, ఆ ఘట్టాన్ని పంపమని మిత్రులను వేడుకుంటున్నాను.