రాతిపువ్వు కషాయం కిడ్నీలో రాళ్ళను కరిగించదు

"రాతిపువ్వు బండరాతినే తినేస్తుంది. దాని కషాయం తాగితే కిడ్నీలో రాళ్ళు కరిగిపోతాయి" అనే మెసేజ్ ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతోంది. అది నమ్మి మా పెద్దమ్మ స్కాన్ వాయిదా వేసుకుంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

రాయి దాని తిండి కాదు. అసలది పువ్వూ కాదు, లైకెన్. ఫంగస్, దాని పొరల మధ్య ఆకుపచ్చ శైవలం (నాచులాంటిది), రెండూ కలిసి బతికే జీవి. మసాలా డబ్బాలోంచి ఒక రేకు తీసి చూడండి. పైన బూడిద రంగు, తిప్పితే నలుపు, అంచున గోధుమ రంగు. ఆ నలుపు మీది పొట్టి నూగు వేర్లు కావు, పట్టు కోసం ఉన్నవి. నీళ్ళూ పోషకాలూ ఎక్కువగా వానలోంచి, గాలిలోంచే అందుతాయి. చెట్టు బెరడు మీద కూడా ఇది చక్కగా పెరుగుతుంది.

"రాతిని కరిగించే ఆమ్లం ఉంది" అన్నదాంట్లో సగం నిజముంది, జనం పడిపోయేది అక్కడే. లైకెన్లు ఏళ్ళ తరబడి రాతిని కొద్దికొద్దిగా గుల్ల చేస్తాయి. అందులో ఆక్సాలిక్ ఆమ్లానిది పెద్ద పాత్ర. అది కాల్షియంతో కలిస్తే కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. కిడ్నీ రాళ్ళలో ఎక్కువ వాటా సరిగ్గా ఆ పదార్థానిదే! మందని చెబుతున్న ఆమ్లం రాయికి ముడిసరుకు. ఇక రాతిపువ్వులో ఉండే అట్రనోరిన్, స్టిక్టిక్ ఆమ్లం అనే పదార్థాలు నీళ్ళలో సరిగా కరగవు. కషాయంలోకి దిగేది ఎంత?

"మావాళ్ళకి తాగాక పడిపోయింది" అంటారు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. మందులతో కరిగే రాళ్ళూ ఉన్నాయి, యూరిక్ యాసిడ్‌వి. ఆక్సలేట్ రాళ్ళు అలా కరగవు.

"సహజమైనది, హాని ఉండదు" అన్నది మరీ ప్రమాదం. బజారులో దొరికే పొట్లంలో తరచూ వేర్వేరు రకాల లైకెన్లు కలిసి ఉంటాయి. గాలిలోని లోహాలను ఇవి ఒంట్లో దాచుకుంటాయి. కొన్ని లైకెన్లలో ఉండే ఉస్నిక్ ఆమ్లం లివర్‌ను దెబ్బతీయగలదు. అది కలిపిన బరువు తగ్గించే మాత్ర ఒకటి వాడొద్దని 2001లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. బిర్యానీలో చిటికెడు వేరు, రోజూ గ్లాసులకొద్దీ తాగడం వేరు.

నడుము నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. రాయి అడ్డుపడి ఇన్ఫెక్షన్ ముదిరితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. పెద్దమ్మ స్కాన్‌కి మళ్ళీ డేట్ తీసుకున్నాం.