బడ్జెట్‌కు ఓటేసిన ఎమ్మెల్యే ఊరికి లెక్క చెప్పాలి

బడ్జెట్ రోజు ఆర్థిక మంత్రి ప్రసంగం టీవీలో చూస్తాం. మర్నాడు పేపర్లో ఏ శాఖకు ఎన్ని కోట్లో చదువుతాం. ఆ తర్వాత మన ఎమ్మెల్యే ఊరికొచ్చి ‘ఈ బడ్జెట్‌లో మన నియోజకవర్గానికి వచ్చింది ఇది, రానిది ఇది, సభలో నేను అడిగింది ఇది’ అని చెప్పిన సందర్భం ఎంతమందికి గుర్తుంది? శంకుస్థాపనలకు వస్తారు, చెక్కుల పంపిణీకి వస్తారు, పెళ్లిళ్లకూ పరామర్శలకూ తప్పకుండా వస్తారు. బడ్జెట్ గురించి చెప్పడానికి మాత్రం రారు. శాసనసభ్యుడు చేయాల్సిన అసలు పని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలా ఖాళీగా పడి ఉంది.

అసలు పని అని ఊరికే అనడం లేదు. రాజ్యాంగం 203వ అధికరణ ప్రకారం పద్దులకు, అంటే ఒక్కో శాఖ అడిగే ఖర్చు మొత్తాలకు, ఆమోదం తెలిపే అధికారం శాసనసభదే. శాసనమండలి చర్చించగలదు గానీ పద్దుల మీద ఓటు వేయలేదు. ద్రవ్య వినిమయ బిల్లు సభ దాటనిదే ఎంత బలమైన ముఖ్యమంత్రైనా సంచిత నిధి, అంటే రాష్ట్ర ఖజానా, నుంచి రూపాయి తీయలేరు. ఇంత అధికారం చేతిలో పెట్టి పంపిన మనిషి దాన్ని ఎలా వాడాడో తెలుసుకోవడం ఓటరు హక్కు.

2025-26 లెక్కలే తీసుకుందాం. పయ్యావుల కేశవ్ ప్రవేశపెట్టిన ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అందులో మూలధన వ్యయం, అంటే రోడ్లు, కాలువలు, భవనాల వంటి వాటికి పెట్టేది, దాదాపు 40,635 కోట్లు. 175 నియోజకవర్గాలకు భాగిస్తే సగటున 232 కోట్లు వస్తాయి. తెలంగాణలో భట్టి విక్రమార్క పెట్టిన 3.05 లక్షల కోట్ల బడ్జెట్‌లో మూలధన వ్యయం 36,504 కోట్లు. 119తో భాగిస్తే 306 కోట్ల పైమాటే. ఈ సొమ్మును ఎవరూ సమానంగా పంచరు. పోలవరం, అమరావతి, పెద్ద ఎత్తిపోతల పథకాలు చాలా భాగం తీసుకుంటాయి, తీసుకోవాలి కూడా. అయినా సగటుతో పోలిస్తే తన నియోజకవర్గం ఎక్కడుందో, ఎందుకు అక్కడుందో ఎమ్మెల్యేకు తెలియాలి కదా. తెలిస్తే చెప్పాలి కదా.

ఎమ్మెల్యేలు జనంలోకి వెళ్లడం లేదా అంటే, వెళ్తున్నారు. 2022 మేలో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం ‘గడప గడపకు మన ప్రభుత్వం’ అంటూ ఎమ్మెల్యేలను ఇంటింటికీ పంపింది. ఏ కుటుంబానికి ఏ పథకం కింద ఎంత అందిందో చెప్పి రమ్మంది. 2025 జులైలో టీడీపీ ‘సుపరిపాలనలో తొలి అడుగు’ పేరుతో అదే పని చేయించింది. పార్టీలు మారాయి, చేతిలోని కరపత్రం రంగు మారింది. మీకేం ఇచ్చాం అన్న ఒక్క వాక్యం మారలేదు. ఎంత అప్పు తెచ్చి ఇచ్చారు, ఇవ్వడానికి ఏ పని ఆపారు, మీ మండలంలో మంజూరై మొదలుకాని పనులు ఎన్ని అన్నది రెండు కరపత్రాల్లోనూ లేదు. 2025-26లో ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ లోటు అంచనా 33,185 కోట్లు. అంటే రోజువారీ ఖర్చులకే అప్పు చేయాల్సిన పరిస్థితి. పింఛను తీసుకునే అవ్వకు ఈ సంగతి చెబితే ఆమె అర్థం చేసుకోలేదని ఏ నాయకుడైనా అనుకుంటే, ఆమె నడిపిన సంసారం గురించి ఆయనకు ఏమీ తెలియదు.

లెక్క చెప్పడం ఎంత తేలికో ఒక్క పథకంతో చూడవచ్చు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లు నియోజకవర్గానికి 3,500 అన్నారు. ఇంటికి 5 లక్షలు. గుణిస్తే ఒక్కో నియోజకవర్గానికి 175 కోట్లు. ఆ డబ్బు ఒక్కసారి రాదు. బేస్‌మెంట్ పూర్తయితే కొంత, గోడలు లేస్తే కొంత, స్లాబు పడితే కొంత, ఇల్లు పూర్తయ్యాక మిగతాది. కాబట్టి ఎమ్మెల్యే దగ్గర ఉండాల్సిన కాగితం ఒక్క పేజీకి మించదు: 3,500లో ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని బేస్‌మెంట్ దగ్గర ఆగాయి, ఏ దశ బిల్లు ఎన్నాళ్లుగా రావడం లేదు, 175 కోట్లలో ఇప్పటిదాకా బ్యాంకు ఖాతాల్లో పడింది ఎంత. ఈ వివరాలు గృహనిర్మాణ శాఖ దగ్గర ఉంటాయి. ఎమ్మెల్యే ఫోన్ చేస్తే కాదనే అధికారి ఉండడు. సగం కట్టిన గోడల మధ్య టార్పాలిన్ వేసుకొని బిల్లు కోసం ఎదురుచూసే కుటుంబానికి మంత్రి ప్రసంగం కంటే ఈ ఒక్క పేజీ ఎక్కువ విలువైనది.

కేటాయింపు వేరు, విడుదల వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లే ప్రతి మార్చిలోనూ మోసపోతున్నాం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు బడ్జెట్‌లో ఏటా పద్దు ఉంటుంది. అయినా 2025లో బకాయిల కోసం తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్‌కు పిలుపునిచ్చాయి. ఆరోగ్యశ్రీకీ పద్దు ఉంటుంది. అయినా అదే ఏడాది రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు రాలేదని సేవలు ఆపాయి. సర్టిఫికెట్ కాలేజీలో ఇరుక్కున్న విద్యార్థికీ, ఆపరేషన్ వాయిదా పడిన రోగికీ బడ్జెట్ పుస్తకంలోని అంకె ఎందుకూ పనికిరాలేదు. కాంట్రాక్టర్ల సంగతి సరే సరి. బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, రోడ్డు కంకర దగ్గరే ఆగిపోతుంది, జనం తిట్లు మాత్రం సర్పంచికి పడతాయి. పద్దుకు ఓటేసిన ఎమ్మెల్యే ఆ డబ్బు విడుదలైందో లేదో అడగకపోతే ఆ ఓటుకు అర్థం ఏముంది?

జనం అంకెలు వినరని, వాళ్లకు కావలసింది పింఛను, రేషన్ కార్డు, సీఎంఆర్‌ఎఫ్ చెక్కు అని నాయకులు అంటారు. సగటున రెండున్నర లక్షల ఓటర్లున్న చోట పొద్దున్నే ఇంటి ముందు వందమంది నిలబడితే బడ్జెట్ పుస్తకాలు చదివే తీరిక ఎక్కడిదని కూడా అంటారు. రెండో మాటలో కొంత నిజం ఉంది. మొదటి మాట అబద్ధం. డ్వాక్రా సంఘాల మహిళలు నెలనెలా పొదుపు, అప్పు, వడ్డీ పైసలతో సహా రాసుకుంటారు, తేడా వస్తే సమావేశంలోనే నిలదీస్తారు. వాళ్లకు లేని ఆసక్తి కాదిది. చెప్పేవాళ్లకు లేని అలవాటు.

ఈ అలవాటు ఉన్న చోట ఎలా ఉంటుందో అమెరికాలోని మన బంధువులను అడగవచ్చు. మేరీల్యాండ్ శాసనసభ ఏటా 90 రోజులే కూర్చుంటుంది. సమావేశాలు ముగిశాక సభ్యులు తమ ఓటర్లకు లేఖ రాయడం అక్కడ మామూలు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్ కాకముందు ఆ సభలోనే ప్రతినిధి. 2025లో అక్కడ సుమారు 3 వందల కోట్ల డాలర్ల లోటు పూడ్చడానికి డేటా, ఐటీ సేవల మీద 3 శాతం పన్ను వేశారు. అదే ఐటీ రంగంలో పనిచేసే తెలుగువాళ్లు ఆ రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. పన్నుకు ఓటేసిన సభ్యుడు వాళ్లకు నచ్చని మాటే చెప్పాలి, తన పేరు పెట్టి చెప్పాలి. మన ఎమ్మెల్యేకు ఆ ఇబ్బందే లేదు. లోటు ప్రభుత్వానిది, వరం మాత్రం తనది.

ఇక్కడే ఫిరాయింపుల సంగతి మాట్లాడుకోవాలి. 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు. 2019లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో కలిశారు. 2023 ఎన్నికల తర్వాత పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల ఫిరాయింపు వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గోడ దూకేవారి నోట మనం ఎప్పుడూ వినే మాట ఒకటే, ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’. అయితే ఆ అభివృద్ధి లెక్క చూపించండి. పార్టీ మారకముందు రెండేళ్లలో మీ నియోజకవర్గానికి విడుదలైంది ఎంత, మారాక రెండేళ్లలో ఎంత? పెరగకపోతే మీరు చెప్పిన కారణం అబద్ధం. పెరిగితే అది ఇంకా ఘోరం. ప్రతిపక్షానికి ఓటేసిన ఊరికి సొమ్ము ఆపుతున్నారని, ప్రజల పన్నును పార్టీ కండువాతో కొలుస్తున్నారని మీరే ఒప్పుకున్నట్టు. ఎలా చూసినా ఈ రెండు అంకెలు బయటికి రావాలి. వీటిని అడిగే ఓటర్లు ఉన్న చోట ఫిరాయింపు ఇంత సులువుగా సాగదని నా గట్టి నమ్మకం.

సభకే రాని ప్రతిపక్షాన్నీ వదలకూడదు. 2017లో వైఎస్సార్‌సీపీ అసెంబ్లీని బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని వెళ్లిపోయారు. 2024లో 11 స్థానాలు గెలిచిన జగన్ ప్రతిపక్ష హోదా అడుగుతూ సభకు దూరమయ్యారు. తెలంగాణలో కేసీఆర్ ప్రతిపక్ష నేతగా ఉండి సభలో కనిపించింది చాలా తక్కువ. పద్దుల మీద ప్రశ్న వేయాల్సిన కుర్చీలు ఖాళీగా ఉంటే లాభపడేది ప్రభుత్వమే. అధికార పక్షంలో ఉన్నవారికి విప్, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, అడ్డమంటారు. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, ప్రకారం విప్ ఓటును కట్టేస్తుంది. మాటను కట్టేయదు. ‘నేను ఓటేశాను, అయినా మా మండలానికి ఇది రాలేదు, మంత్రిని ఫలానా రోజు అడిగాను’ అని ఊళ్లో చెబితే ఎవరి సభ్యత్వమూ పోదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఏప్రిల్‌లో ప్రతి మండల కేంద్రంలో ఒక సాయంత్రం ఎమ్మెల్యే కూర్చోవాలి. పోయిన ఏడాది మంజూరు, విడుదల, ఖర్చు, పెండింగ్ బిల్లులు, తాను సభలో మాట్లాడిన పద్దులు, ఈ ఏడాది అడగబోయేవి రాసి, కింద సంతకం పెట్టి, పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాలి. ఏ పార్టీ ఎమ్మెల్యే మొదలుపెట్టినా ఆ సమావేశానికి జనం వెళ్లాలి. చేతిలో అర్జీ ఉంటే అది మరో రోజు ఇవ్వొచ్చు. ఆ సాయంత్రానికి మాత్రం తమ ఊరి రోడ్డు, బడి, కాలువ పనుల అంచనా అంకెలు రాసుకొని వెళ్లాలి.