ఈశాన్యంలో ఈతకొలను, ఆగ్నేయంలో మోటరు

హనుమకొండలో ఒక మనిషి జీవితంలో స్థిరపడ్డాడని చెప్పడానికి ఇంతకాలం మూడు రుజువులు సరిపోయేవి: కొడుకు అమెరికాలో ఉండటం, ఊళ్లోని పొలం పక్కనుంచి రోడ్డు పడటం, ఇంటి ముందు గ్రానైటు మెట్లు ఉండటం. ఇప్పుడు నాలుగోది చేరింది. నిన్నమొన్నటిదాకా జామచెట్టూ బట్టలుతికే బండా ఉన్న పెరట్లో ఈతకొలను ఉండాలి. మే నెలలో ఓరుగల్లు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవారెవరూ మెడలోతు నీళ్లలో కూర్చోవాలన్న కోరికను తప్పుపట్టరు, నేనూ పట్టను. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ నీళ్లు ఏ పైపులోంచి పోయి ఏ పైపులోంచి వస్తాయని ఇంటి యజమాని నుంచి ఇరుగుపొరుగు దాకా ఏ ఒక్కరూ అడగరు.

మా కాలనీలో ఒక పెద్దమనిషి ఇటీవల ఈ మహత్కార్యం తలపెట్టారు. టైల్స్ ఎంపిక దసరాకు మొదలై సంక్రాంతికి తేలింది. నెమలికంఠం నీలమా, ఆకాశ నీలమా అన్న విషయంపై డల్లాస్‌లో ఉన్న కొడుకూ కోడలూ, కరీంనగర్‌లో ఉన్న వియ్యంకుడూ, ఈత రాని మేనత్తలూ వాట్సాప్‌లో లిఖితపూర్వకంగా అభిప్రాయాలు తెలియజేశారు. నీళ్లలో రంగులు మార్చే దీపాల గురించి ప్రత్యేక సమావేశం జరిగింది. పైపుల సంగతి మాత్రం సెంట్రింగు పనివాళ్లు చాయ్ తాగి వచ్చేలోపే తేలిపోయింది. "అండ్ల ఏమున్నది సార్, నీళ్లొస్తయి, నీళ్లు పోతయి" అని ప్లంబర్ సెలవిచ్చాడు. ఇంత సంక్షిప్తంగా, ఇంత సమగ్రంగా జలశాస్త్రాన్ని వివరించినవాడు మరొకడు లేడు కనుక యజమాని సంతృప్తి చెంది అడ్వాన్సు ఇచ్చారు.

ఆ రెండు వాక్యాల నడుమ ఏముంటుందో నాలాంటి పనిలేనివాళ్లు చెప్పుకోవలసిందే. కొలనులో నీళ్లు నిలిచి ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, నిలిచాయంటే అవి కొలను నీళ్లు కావు, దోమలకు పురిటిగది. పై అంచున ఉండే స్కిమ్మర్ ఆకులనూ, పురుగులనూ, ఒంటికి రాసుకున్న నూనెల జిడ్డునూ లాగుతుంది. అడుగున ఉండే మెయిన్ డ్రెయిన్ కింద పేరుకున్న మురికి నీటిని లాగుతుంది. ఈ రెండు దారులూ కలిసి మోటరుకు చేరతాయి, మోటరుకు ముందున్న జల్లెడ బుట్టలో వెంట్రుకలూ చెత్తా ఆగిపోతాయి, ఆపైన నీళ్లు ఇసుక ఫిల్టరు గుండా దిగి, క్లోరిన్ కలుపుకొని, గోడల్లో అమర్చిన రిటర్న్ రంధ్రాల నుంచి మళ్లీ కొలనులోకి వస్తాయి. మా పెద్దమనిషి కొలను 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు. అందులో దాదాపు 32,600 లీటర్లు పడతాయి. నగరపాలక సంస్థల్లో మనిషికి రోజుకు 150 లీటర్లు అన్న మిషన్ భగీరథ లెక్కన చూస్తే అది 217 మందికి ఒకరోజు నీళ్లు. ఆ నీళ్లన్నీ ఆరు నుంచి ఎనిమిది గంటలకు ఒకసారి ఫిల్టరు చూసి రావాలి, అంటే పైపులో గంటకు నాలుగు వేల నుంచి అయిదున్నర వేల లీటర్ల దాకా ప్రవహించాలి. ఈ ప్రవాహానికి మన ప్లంబర్ తెచ్చింది సంపు నుంచి పై ట్యాంకుకు వేసే అంగుళం పైపు. మోటరు లాగే వైపు పైపులో నీటి వేగం సెకనుకు ఆరడుగులు దాటకూడదు. అయిదున్నర వేల లీటర్లను అంగుళం పైపులో తోస్తే అది పది అడుగుల దాకా పోతుంది, అదే రెండంగుళాల పైపయితే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ లెక్క చెబితే ప్లంబర్ నన్ను జాలిగా చూశాడు. "పైపు సన్నగుంటెనే ఫోర్సు మంచిగొస్తది సార్" అన్నాడు.

అయినా ప్లంబర్‌ను ఒక్కడినే ఆడిపోసుకోవడం అన్యాయం, ఎందుకంటే ఈ కొలనుకు అసలు డిజైన్ ఇంజనీరు వేరే ఉన్నారు. దక్షిణముఖం ఇల్లు కట్టుకున్న దోషానికి పరిహారంగా మా పెద్దమనిషి అడుగడుగునా వాస్తు సిద్ధాంతిగారిని సంప్రదిస్తూ ఉంటారు. నీరు ఈశాన్యంలో ఉండాలి, కాబట్టి కొలను పెరట్లో ఆ మూలకు చేరింది. అంతవరకు బాగానే ఉంది. మోటరు కరెంటుతో నడుస్తుంది, కరెంటు అంటే అగ్ని, అగ్నికి ఆగ్నేయం, కాబట్టి మోటరూ ఫిల్టరూ ఇంటి ముందు గేటు పక్కన, రోడ్డున పోయేవారందరికీ కనిపించేలా ప్రతిష్ఠితమయ్యాయి. కొలనుకూ మోటరుకూ మధ్య ఇల్లు మొత్తం ఉంది. పైపు తూర్పు ప్రహరీ వెంట బయలుదేరి, తులసికోటకు ప్రదక్షిణ చేసి, సంపును తప్పించుకొని, కారు షెడ్డు పిల్లర్ దగ్గర నేలమీదికి తలెత్తి, మళ్లీ దిగి, చివరికి మోటరు సన్నిధికి చేరుతుంది. తిరుగు ప్రయాణంలోనూ అదే యాత్ర. ప్రతి ఎల్బో దగ్గరా నీళ్లు గోడకు తల కొట్టుకొని తిరుగుతాయనీ, ఒక్కొక్క మలుపూ మరికొన్ని అడుగుల పైపు అదనంగా వేసినంత భారమనీ, ఆ భారమంతా కరెంటు బిల్లులో కనబడుతుందనీ ఎవరైనా సిద్ధాంతిగారికి చెప్పాలి. ఆయన మాత్రం పైపు ఏ దిక్కుకు పారుతోందని అడిగారే తప్ప ఎంత పారుతోందని అడగలేదు.

ఇక ప్రారంభోత్సవం. ముహూర్తం ఉదయం కనుక బంధువులు రాత్రికే దిగారు. ఫిల్టరుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దాని తలమీద ఉండే మల్టీపోర్ట్ వాల్వు పిడికి చేమంతుల దండ వేశారు. ఆ పిడికి ఆరు స్థానాలుంటాయి: ఫిల్టర్, బ్యాక్‌వాష్, రిన్స్, వేస్ట్, రీసర్క్యులేట్, క్లోజ్డ్. రోజువారీగా ఉండవలసింది మొదటి దాని దగ్గర. గేజిలో ఒత్తిడి శుభ్రంగా ఉన్నప్పటికంటే ఎనిమిది పది పీఎస్‌ఐ పెరిగినప్పుడు ఇసుకను ఎదురు ప్రవాహంతో కడగడానికి రెండోది, కడిగాక ఇసుకను సర్దడానికి మూడోది, కొలనును ఖాళీ చేయాలనుకుంటే నాలుగోది. ఇవన్నీ ఆ పిడి మీదే రాసి ఉన్నాయి, ఆ రాతల మీదే దండ ఉంది. వియ్యంకుడిగారి చేత స్విచ్చి వేయించారు. మోటరు మోగింది. చప్పట్లు మోగాయి. పిడి వేస్ట్ దగ్గర ఉన్నందున ట్యాంకర్లకు ట్యాంకర్లు పోసి నింపిన నీళ్లు గేటు కింది నుంచి గల్లీలోకి, గల్లీ నుంచి మోరీలోకి వేంచేశాయి. దాన్ని చూసి ఒక మేనత్తగారు "ఎంత ధార వస్తున్నదో చూడుండ్రి, మోటరు గట్టిది" అని మెచ్చుకున్నారు. గల్లీలో చెప్పులు తడిసినవారు కేకలు వేస్తే వీడియో తీస్తున్న కుర్రాడు వారినీ చిత్రీకరించాడు. కొలనులో నీటిమట్టం టైల్స్ అంచు కింది నుంచి జానెడు దిగాక ఎవరికో అనుమానం వచ్చి, మోటరు నడుస్తుండగానే పిడిని పట్టుకొని బలంగా తిప్పారు. మోటరు ఆపకుండా ఆ పిడిని తిప్పితే, నీళ్లు ఒక దారిలోంచి మరోదారిలోకి పోకుండా ఆపే లోపలి రబ్బరు, స్పైడర్ గ్యాస్కెట్, చిరుగుతుంది. చిరిగింది. ఇప్పుడు పిడి ఫిల్టర్ దగ్గరున్నా కొంత నీరు వేస్ట్ పైపులోంచి నిరంతరం గల్లీలోకి కారుతూనే ఉంది. కుండీల్లో మొక్కలకు పనికొస్తుందని ఎదురింటివారు బకెట్టు పెట్టుకున్నారు. ఈ కొలను వల్ల లాభపడింది ఇప్పటికి ఆ మొక్కలొక్కటే.

వారం తిరక్కుండా మరో శుభవార్త వచ్చింది. రిటర్న్ రంధ్రాల నుంచి బుడగలు రావడం మొదలైంది. మోటరు లాగే వైపు పైపులో ఎక్కడో సొల్యూషన్ సరిగా పట్టని అతుకు గాలిని పీలుస్తోందని దాని అర్థం. మా పెద్దమనిషి మాత్రం అదనపు ఖర్చు లేకుండానే జకూజీ వచ్చిందని సంతోషించి కొడుక్కు వీడియో పంపారు. కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువైందని వేయడం మానేశారు. కళ్లను మండించేది, ఘాటుగా వాసన వచ్చేది చెమటతోనూ మూత్రంతోనూ కలిసిన క్లోరిన్, అంటే వేసింది చాల్లేదని దాని మొర. ఈ మాట విన్నాక అతిథులెవరూ నీళ్లలోకి దిగలేదు. ఆ పాపం నాదే అన్నారు.

వీటన్నిటికీ నవ్వుకోవచ్చు. మా కాలనీ ఒకప్పుడు చెరువు శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, అన్న సంగతికి నవ్వు రాదు. ఏ చెరువని అడగకండి, ఈ నగరంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన కాలనీలు చాలా ఉన్నాయి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి నిలిపినప్పుడు పక్కనే చెరువూ నిలిపారు. అలాంటి చెరువు కట్టినవారు కట్ట ఎంత ఎత్తుండాలో చూసిన రోజే తూము ఎక్కడుండాలో, మత్తడి ఎక్కడ దూకాలో, దూకిన నీళ్లు ఏ కింది చెరువుకు చేరాలో కూడా చూసుకున్నారు. నీళ్లు వదలడానికీ కట్టడానికీ నీరటిని పెట్టుకున్నారు. ఆ మత్తళ్లను పూడ్చిన చోట మనం ఇళ్లు కట్టి, ఆ ఇళ్ల వెనక మళ్లీ గుంత తవ్వి, దానికి చెరువు నీలం టైల్స్ వేస్తున్నాం. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడి, హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు నేల కింది ఊట ఎంత పైకి వచ్చిందో గుర్తున్నవారికి ఒక మాట. నిండుగా ఉన్న కొలనును 32 టన్నుల నీళ్లు కిందికి అదిమి ఉంచుతాయి. వానాకాలంలో కడుగుదామని దాన్ని ఖాళీ చేసి, చుట్టూ ఊట అంచుదాకా లేస్తే, అదే 32 టన్నులు ఇప్పుడు కింది నుంచి పైకి తోస్తాయి. ఆరంగుళాల కాంక్రీటు డొప్ప బరువు అందుకు చాలదు. రామప్ప గోపురం ఇటుకలు నీళ్లమీద తేలతాయని ప్రపంచమంతా చెప్పుకుంటుంది, మా కొలను నేలమీద తేలి ఆ కీర్తిని నిలబెడుతుంది. దీనికి మందు హైడ్రోస్టాటిక్ వాల్వు. బయటి ఒత్తిడి మించినప్పుడు అది తెరుచుకొని ఊటనీటిని లోపలికి రానిస్తుంది, కొలను పగలకుండా బతుకుతుంది. మా పెద్దమనిషి ఒప్పుకోలేదు. "పూల్‌లకు బయటి నీళ్లా? మైల కాదా?" అన్నారు.

ఇంతవరకు పోయేది డబ్బు. వారి డబ్బు, వారిష్టం. కొలను అడుగున ఒకే ఒక్క డ్రెయిన్ ఉందన్న సంగతి మాత్రం వారిష్టం కాదు. పైన స్కిమ్మర్ దారి మూసుకుంటే మోటరు మొత్తం బలం ఆ ఒక్క రంధ్రం మీదే పడుతుంది. పిల్లవాడు మునిగి ఆడుతూ దాన్ని వీపుతో మూస్తే, ఎనిమిదంగుళాల వెడల్పున వాతావరణ పీడనంలో సగం మేర లాగినా 160 కిలోలకు పైమాటే. ఏ తండ్రి చేతులూ ఆ పట్టు విడిపించలేవు. ఇది ఊహ కాదు. 2002లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పిల్ల, ఇలాగే స్పా డ్రెయిన్‌కు అతుక్కొని నీళ్లలోనే చనిపోయింది. ఆ తర్వాత 2007లో ఆమె పేరుతో అక్కడ చట్టం వచ్చింది. చేయవలసింది బ్రహ్మవిద్య కాదు. కనీసం మూడడుగుల దూరంలో రెండు డ్రెయిన్లు పెట్టి, వాటిని ఒకే పైపుకు కలిపితే, ఒకటి మూసుకున్నా రెండోది నీళ్లు ఇస్తుంది, పట్టు బిగియదు. వాటికి పైకి ఉబ్బిన, చిక్కుకోని మూతలు వేయాలి, మూత పగిలిన రోజు మోటరు ఆపాలి. రంగులు మార్చే దీపాలకు డబ్బు ఉంది. రాతి సింహం నోట్లోంచి నీళ్లు దూకడానికి డబ్బు ఉంది. మనవలు డల్లాస్ నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చి దూకేది ఈ నీళ్లలోనే అని తెలిసీ రెండో రంధ్రానికి మాత్రం, "ఇప్పుడు టైల్స్ పగలగొట్టాల్నా?" అంటారు. పగలగొట్టండి! నెమలికంఠం నీలం పోతే పోయింది, మళ్లీ సంక్రాంతి దాకా ఎంచుకోండి. ఈ మాట గేటు దగ్గర గొంతు పెంచి అన్నాను, రోడ్డున పోయేవారు ఆగి చూశారు, నాకు సిగ్గు వేయలేదు.

పీడనం గురించి చెప్పినా, చట్టం గురించి చెప్పినా కదలని మనిషి చివరికి సిద్ధాంతిగారి మాటకు కదిలారు. ఇంట్లో ద్వారాలూ కిటికీలూ సరి సంఖ్యలో ఉండాలి కదా, మరి ఈశాన్యాన నీటికి ద్వారం ఒక్కటే ఉండవచ్చునా అని నేను వినయంగా ఆయన్ను అడిగాను. ఆయన కళ్లు మూసుకొని, వేళ్లు లెక్కపెట్టి, బేసి ద్వారం సంతానానికి అరిష్టమని తేల్చారు. ఆయన నోట వచ్చిన శాస్త్రీయమైన వాక్యం అదొక్కటే కావచ్చు. మర్నాడే టైల్స్ పగిలాయి, కొత్త డ్రెయిన్ బిగిసింది, కొబ్బరికాయ కొట్టారు. చూడటానికి పిలిస్తే వెళ్లాను. రెండో డ్రెయిన్ మొదటిదానికి సరిగ్గా జానెడు దూరంలో, ఒక పిల్లవాడి వీపు రెండింటినీ కలిపి మూసేంత దగ్గరగా ఉంది. జంటగా ఉంటే చూడముచ్చటగా ఉంటుందని అలా పెట్టించారట. వామనుడు కూడా మూడడుగులే అడిగాడు, బలిచక్రవర్తి అయినా ఇచ్చాడు.