మాత్రకూ టీడీఎస్!

(తార్నాకలో ఒక ఆసుపత్రి, మూడో అంతస్తు. ఆయనకు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ అయి రెండో రోజు. అకౌంట్స్ విభాగంలో చేసి రిటైరైన మనిషి. ఇంటికి పంపుతామని పొద్దున పదింటికి చెప్పారు, ఇప్పుడు రెండున్నర. మంచం పక్కనున్న సంచి వచ్చిన రోజు కంటే బాగా లావెక్కింది.)

ఆయన: ఇన్సూరెన్సు వాళ్ళు ఇంకా తేల్చలేదా? డిశ్చార్జి అడిగిన 3 గంటల్లో అనుమతి ఇచ్చేయాలని బీమా కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ 2024లోనే ఆదేశించింది.

ఆవిడ: ఆ ఆదేశం గుర్తుంది సరే, ఇందాక నర్సమ్మ అరగంట కూర్చుని చెప్పింది గుర్తుందా?

ఆయన: ఎందుకు లేదు? ప్రతి మాటకూ ఊఁ కొట్టానుగా.

ఆవిడ: పేదరాశి పెద్దమ్మ కథ విన్నట్టు కొట్టారు. ఆసుపత్రిలో చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు అప్పటికప్పుడే మరిచిపోతారట. అందుకే మళ్ళీ వచ్చి మీ నోటితోనే చెప్పించుకుంటానంది. ముందు నాకు అప్పజెప్పండి. ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

ఆయన: (కాగితం చేతి పొడుగునా పట్టుకుని) పారాసిటమాల్ 650. పక్కన... టీడీఎస్! చూశావా, పన్నని ముందుగానే పెన్షన్‌లో కోసింది చాలక మాత్రలో కూడా కోస్తున్నారు.

ఆవిడ: రోజుకు మూడుసార్లని అర్థం!

ఆయన: ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో టీడీఎస్‌కు ఆ అర్థం ఎక్కడా చూడలేదు. పోనీ, ఈ యాంటీబయాటిక్ పక్కన చూడు. బీడీ! (మొహం వెలిగిపోయింది) నేను అడక్కుండానే డాక్టరుగారు రాసిచ్చారు.

ఆవిడ: బీడీ అంటే రెండుసార్లు. మీరు పొగ వదలకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, దగ్గినప్పుడల్లా కుట్ల మీద భారం పడుతుంది.

ఆయన: మరి ఈ సిరప్పుకు ఎస్ఓఎస్ ఏమిటి? ఓడ మునిగేటప్పుడు పంపేది కదా?

ఆవిడ: విరేచనం కాకపోతేనే తాగమని. ముక్కకూడదన్నారు.

ఆయన: ఆ ముక్కేదో తెలుగులో రాస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?

ఆవిడ: అది మాత్రం నిజం.

(ఆ రోజంతటికీ ఇద్దరూ ఒప్పుకున్న సంగతి ఇదొక్కటే.)

ఆవిడ: బరువులు?

ఆయన: ఆరు వారాలు అయిదు కిలోలకు మించి ఎత్తకూడదు.

ఆవిడ: మంచినీళ్ళ డబ్బా?

ఆయన: అది 20 లీటర్లు. ఆ పిల్ల కిలోలంది, లీటర్ల ఊసే ఎత్తలేదు.

ఆవిడ: ఏమండీ!

ఆయన: సరే, ఎత్తను.

ఆవిడ: మళ్ళీ ఇక్కడికి ఎప్పుడు పరిగెత్తాలి?

ఆయన: నువ్వు బిల్లు చూసి కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు. ...అలా చూడకు, చెబుతాను. జ్వరం 100.4 దాటినా, కుట్ల చుట్టూ ఎర్రబడి చీము కారినా, మూత్రం రాకపోయినా, పిక్క వాచి నొప్పెట్టినా. కదలకుండా పడుకుంటే కాల్లో రక్తం గడ్డకట్టవచ్చట. అందుకే రోజూ పార్కుకు వెళ్ళి కూర్చుంటా.

ఆవిడ: కూర్చుంటే నడకెలా అవుతుంది? పైగా ఇంటికెళ్ళాక వారం రోజులు చారన్నమే. పప్పు, గుడ్డు దగ్గరికి రానివ్వను, చీము పడుతుంది.

ఆయన: ఆగాగు. అక్కడ నేను ఊఁ కొట్టలేదు, చెవులు రిక్కించి విన్నాను. పప్పుకూ చీముకూ సంబంధం లేదు, గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పూ గుడ్డూ బాగా పెట్టండి అంది. కుట్లకు పసుపు అద్దవద్దని కూడా అంది.

ఆవిడ: మీ అమ్మగారు పొద్దున ఫోనులో ఏమన్నారో?

ఆయన: అమ్మేమైనా డాక్టరా?

ఆవిడ: పెళ్ళయి నలభై ఏళ్ళు. ఈ మాట మీ నోట వినడం ఇదే మొదటిసారి. అదీ ముద్దపప్పు కోసం!

(ఫోను మోగింది. అనుమతి వచ్చిందట. ఆవిడ సంచి అందుకుంది.)

ఆవిడ: ఇదేమిటి, ఇంత ఉబ్బింది?

ఆయన: దగ్గొచ్చినా తుమ్మొచ్చినా కుట్ల మీద దిండు అదుముకోమన్నారుగా.

ఆవిడ: అయితే?

ఆయన: మన ఇంటి దిండ్లు రుబ్బురోళ్ళు.

(ఆవిడ జిప్పు లాగింది. ఆసుపత్రి ముద్ర ఉన్న తెల్లటి దిండు, ఊపిరి అందినట్టు పైకి పొంగింది.)

ఆవిడ: ముందు దాన్ని తీసి మంచం మీద పెట్టండి!

ఆయన: ఆరు వారాలు నేను బరువులు ఎత్తకూడదు. నువ్వే పెట్టు.